గేటు దగ్గర నిలబెట్టిన మనిషి

చోడవరంలో నేను జువాలజీ చెప్పే కాలేజీలో మ్యూజియం అనే గది ఒకటుంది. ఫార్మలిన్ సీసాల్లో పాములు, తేళ్ళు, మూలన ఇనప స్టాండుకి వేలాడే అస్థిపంజరం. ప్లాస్టిక్‌ది కాదు, నిజం మనిషిది. నేను చేరకముందే ఎవరో కొన్నారు. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. కటి ఎముకలు చూస్తే మాత్రం ఆడమనిషని తెలిసిపోతుంది.

సైన్స్ ఫెయిర్ రోజున మా ప్రిన్సిపాల్ దాన్ని గేటు దగ్గర నిలబెట్టించాడు. నెత్తిన టోపీ, కళ్ళకి నల్లద్దాలు, మెడలో 'వెల్‌కమ్' అట్ట. సైన్సంటే ఆయనకు తెలిసింది అంతే.

"సార్, అవి నిజం మనిషి ఎముకలండి," అన్నాను.

"అయితే ఏటి మాస్టారూ? సచ్చిపోయినోళ్ళకి సిగ్గేటి? పేరెంట్స్‌కి అట్రాక్షన్ ఉండాలి కదా," అని దాని భుజమ్మీద చెయ్యివేసి ఫొటో దిగాడు. ఇద్దరిలో పళ్ళు ఎక్కువ కనిపించింది ఆయనవే. ఆయన వెనకే స్టాఫంతా వరస కట్టారు. ఎమ్మెస్సీలు చదివిన మనుషులు.

బుచ్చయ్యపేట నుంచి ఒక విద్యార్థిని తల్లి వచ్చింది. చెరకు కోతలోంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులనిండా ఆకు గీతలు.

"ఇది బొమ్మా బాబూ?" అని నన్నడిగింది.

"కాదమ్మా, మనిషే. ఆడమనిషి."

"ఎవురి మనిసి?"

"తెలీదు."

"తెలీకండా ఎలగ తెచ్చేరు?"

ఆమె టోపీ, అద్దాలు, అట్ట తీసి పక్కన బల్లమీద పెట్టింది. ప్రిన్సిపాల్ పరుగున వచ్చి, "ముట్టుకోకమ్మా, పాడైపోద్ది," అన్నాడు.

"పాడు సేసింది మీరు," అని, ఆమె కూతురి ప్రాజెక్టు చూడ్డానికి లోపలికి వెళ్ళిపోయింది.

ప్రిన్సిపాల్‌ని చీదరించుకోవడం సులువే. పదకొండేళ్ళు ఆ పక్కటెముకలమీద బెత్తం ఆనించి పాఠం చెప్పింది మాత్రం నేనే.

మర్నాడు ఎముకలు విడదీసి, ఉతికిన గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను. విశాఖలో ఒక మెడికల్ కాలేజీ అనాటమీ విభాగానికి ఉత్తరం రాస్తే, తీసుకురమ్మన్నారు, గౌరవంగా దహనం చేయిస్తామన్నారు. దాని బదులు ప్లాస్టిక్‌ది వచ్చేదాకా ప్రిన్సిపాల్ అనుమతి కాగితంమీద సంతకం పెట్టలేదు. పెట్టాక కూడా, "లీవ్ పెట్టుకుని ఎళ్ళండి," అన్నాడు.

స్టాఫ్‌రూంలో అందరినీ దహనానికి రమ్మన్నాను. మైల పట్టుకుంటుందేమో అన్నారిద్దరు. పక్కన నిలబడి ఫొటో దిగినప్పుడు పట్టని మైల.

విశాఖ శ్మశానంలో నేనూ, అనాటమీ అటెండరూ ఉన్నాం. మంట అణిగేదాకా నిలబడి, సాయంత్రం బస్సులో తిరిగొచ్చాను.