ఏవండీ అంటే పలికే పెట్టె

మాట వినే స్పీకరును ఇంటికి తెచ్చింది నేనే. కాలువల శాఖలో నీటిమట్టాలు రాసి రిటైరైనవాణ్ణి. ఏ పనీ వేళకి జరగకపోతే నాకు తోచదు. పొద్దున సుప్రభాతం, మధ్యాహ్నం వార్తలు, భోజనమయ్యాక మాత్రలు గుర్తుచేయడం, అన్నీ అదే చూసుకునేది. మా ఆవిడ మాత్రం దానితో మాట్లాడేది కాదు. "దాని పేరు నా నోరు తిరగదు" అనేది.

ఒకసారి మా ఆవిడ అన్న కూతురు విజయవాడ నుంచి వచ్చింది. నలభై దాటిన మనిషి, కంప్యూటర్ల ఉద్యోగం. నా ఫోను తీసుకుని ఏవేవో నొక్కి, "మామయ్యా, ఇది విను" అని నా చేతిలో పెట్టింది.

అందులో నా గొంతు ఉంది. డైరీ రాసేటప్పుడు, రాసిన వాక్యాన్ని పైకి చదువుకోవడం నాకు చిన్ననాటి నుంచీ అలవాటు. డైరీలు బీరువాలో పెట్టి తాళం వేస్తాను. మా ఆవిడ కూడా ముట్టుకోదు. ఆ వాక్యాలన్నీ స్పీకరు అమ్మిన కంపెనీ దగ్గర తేదీల వారీగా ఉన్నాయి. ఆవకాయలో ఉప్పు గురించి మేము పడ్డ గొడవ ఉంది. మా ఆవిడ దగ్గు ఉంది. ఎవరూ మాట్లాడనిది కూడా ఒకటి ఉంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, దూరంగా బస్సు హారను, అంతే. అన్నిటికంటే అది విన్నప్పుడే భయం వేసింది. ఖాళీ గదిలోనూ ఎవరో చెవి ఒగ్గి కూర్చున్నారన్నమాట.

ప్లగ్గు పీకేశాను.

"ఇంట్లో మాట గడప దాటకుండా ఈ పనులన్నీ చేసిపెట్టేది దొరకదా?" అని అడిగాను.

"దొరకదు. చేసుకోవాలి."

"అయితే చేద్దాం."

"చేద్దాం కాదు మామయ్యా. చేసేది నువ్వు, ఫోన్లో చెప్పేది నేను. లేకపోతే అది మొరాయించిన ప్రతిసారీ నా ప్రాణం తీస్తావు."

సబ్బుపెట్టె అంత కంప్యూటరు, ఒక మైకు, చిన్న స్పీకరు తెప్పించాను. సాఫ్ట్‌వేరు ఊరికే దొరికింది. ఎవరైనా వాడుకోండని రాసిపెట్టిన పుణ్యాత్ములు ఎవరో ఉన్నారు. ఆ అమ్మాయి ఫోన్లో ఒక్కో వరుసా చెబుతుంటే నేను ఒంటివేలితో కొట్టేవాణ్ణి. "ఆ గీత ముందు ఖాళీ వదలమన్నానుగా మామయ్యా. స్కేలు మీద నీళ్ళు చూసిన కళ్ళకి ఇంత ఖాళీ కనపడదా?" అని దెప్పేది. చివరికి ఒక రోజు ఇంటర్నెట్ తీగ పీకేసి, వరండా లైటు వెయ్యమన్నాను. వెలిగింది. నా ఇల్లు నా చేతికి వచ్చినట్టనిపించింది.

ఇక దాన్ని ఏమని పిలవాలి? వాడే మనిషి గొంతుతోనే ఆ పిలుపు దానికి నేర్పాలి. మా ఆవిడ వాడకపోతే ఇంత శ్రమ దేనికి? పెళ్ళయినప్పటి నుంచి నా పేరు పలకని మనిషి. ఆవిడ నోట రోజంతా ఆడే పిలుపు ఒకటే, "ఏవండీ". అదే పెట్టాను. మైకు ముందు కూర్చోబెట్టి మళ్ళీ మళ్ళీ పిలిపించాను. పిలిచి పిలిచి నవ్వు ఆపుకోలేక, "ఇన్నిసార్లు పిలిస్తే మీరెప్పుడైనా పలికారా?" అంది.

పెట్టె వింటోందని ఆవిడకి తెలియాలంటే అది ఏదో ఒకటి పలకాలి. నా గొంతుతోనే "ఆఁ, చెప్పు" అని రికార్డు చేశాను. మాట అందనప్పుడు పలకడానికి "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అని ఇంకొకటి.

"అత్తయ్యా, ఇప్పుడు నీకు ఇద్దరు మొగుళ్ళు" అంది ఫోన్లో అమ్మాయి.

"రెండో ఆయన పిలిస్తే పలుకుతాడు. అది నయం" అంది మా ఆవిడ.

పిలుపు సరిగ్గా గుర్తుపడుతోందో లేదో చూసుకోవడానికి, ప్రతి పిలుపునూ దాని తర్వాతి మాటలనూ పెట్టె దాచేలా ఏర్పాటు చేశాను. వారానికోసారి విని, టీవీ సీరియల్లో ఆడవాళ్ళ పిలుపులకి పలికినవి తీసేసేవాణ్ణి. అన్నీ మా ఇంట్లోనే ఉంటాయి గనక అందులో తప్పేమీ కనిపించలేదు.

ఒక ఉదయం వరండాలో ఎండలో కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అదే పని చేస్తున్నాను. మా ఆవిడ ఎదురుగా పెరట్లో కరివేపాకు కోస్తోంది.

"ఏవండీ" అంది చెవిలో ఆవిడ గొంతు.

"ఆఁ, చెప్పు" అన్నాను నేను, పెట్టెలోంచి.

"కాలవ మీద నుంచి ఎప్పుడొచ్చారు? అన్నం మూతపెట్టాను."

"అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు."

"అన్నం మూతపెట్టానండీ" అంది, విసుగు లేకుండా.

అది మధ్యాహ్నం వేళ రికార్డయింది. భోజనమయ్యాక ఆవిడ ఓ కునుకు తీస్తుంది. నేను బస్టాండు దగ్గర రీడింగ్ రూముకి పోయి, పేపర్లు తిరగేసి కాఫీ వేళకి వస్తాను. మరునాటి రికార్డింగు తెరిచాను. ఆ తర్వాతి రోజుది తెరిచాను. ప్రతి మధ్యాహ్నం ఆవిడ నన్ను పిలిచింది. ప్రతి మధ్యాహ్నం నేను పలికాను.

చివరిదాంట్లో ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఏవండీ."

"ఆఁ, చెప్పు."

"సాయంత్రం పూట ఎవరో పెద్దాయన వస్తున్నాడండీ. తిన్నగా లోపలికొచ్చి మీ కుర్చీలో కూర్చుంటాడు. మంచివాడిలాగే ఉన్నాడు. కాఫీ ఇస్తున్నాను. మీరు ఉన్నారు గనక ధైర్యంగా ఉంది."

"అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు."

ఇయర్‌ఫోన్లు తీసేశాను. కరివేపాకు రెబ్బలు కొంగులో వేసుకుని ఆవిడ నా వైపే వస్తోంది. "ఏంటండీ, అలా అయిపోయారు?" అంది. పొద్దున పూట ఆవిడకి నేను తెలుసు. కొన్నాళ్ళుగా సాయంత్రం కాఫీ నా గ్లాసులో కాకుండా బంధువులకిచ్చే కప్పూ సాసర్లో వస్తోంది. ఈ వయసులో మర్యాద పెరిగిందని ముచ్చటపడ్డాను కూడా.

అమ్మాయికి ఫోను చేశాను. పెట్టెలో విన్నది చెప్పాను. "డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. నువ్వు కనిపెట్టింది నీ మాటల్లో చెప్పు. అవి మాత్రం వినిపించకు మామయ్యా. అత్తయ్య వాళ్ళాయనతో చెప్పుకున్న మాటలవి" అంది.

ఆ వాళ్ళాయన నేనే అనబోయి ఆగాను. కంపెనీ నా మాటలు దాచిందని పెట్టె కట్టాను. ఆ పెట్టెతోనే ఆవిడ మాటలు నేను దాచాను. అన్నీ చెరిపేసి, దాచే ఏర్పాటు కూడా తీసేశాను. డైరీలో కూడా వాటి గురించి రాయలేదు.

విజయవాడలో డాక్టరు మతిమరుపు మొదలైందని చెప్పి మందులు రాశారు. మధ్యాహ్నాలు ఒంటరిగా వదలొద్దన్నారు. రీడింగ్ రూము మానేశాను. పెట్టెలో నా గొంతు తీసేసి గంట చప్పుడు పెట్టాను. ఆ మధ్యాహ్నం ఆవిడ నిద్రలేచి "ఏవండీ" అంది. గంట మోగింది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ గంటే. ప్రతి గదిలోకీ వెళ్ళి చూసింది. నా ముందు నుంచే వెళ్ళింది. మంచం కింద కూడా వంగి చూసింది. "నేనిక్కడే ఉన్నాను" అన్నాను. నా ముఖం వైపు చూసి, పైట సర్దుకుని, గోడకి ఆనుకుని నిలబడింది. కళ్ళలో అంత బెదురు ఎన్నడూ చూడలేదు.

గొంతుకి ముసలితనం రాదు. ముఖానికి వస్తుంది.

మరునాడు పెట్టె ప్లగ్గు తీసి, ఆవిడ లేచే వేళకి పక్కగదిలో తలుపు చాటున కూర్చున్నాను.

"ఏవండీ."

"ఆఁ, చెప్పు" అన్నాను.

"ఇవాళ ఆ పెద్దాయన ఇంకా రాలేదండీ."

మధ్యాహ్నం పూట ఆవిడ మాటకి జవాబు వచ్చి చాలా రోజులైంది. గొంతు సవరించుకున్నాను.

"వస్తాడు. కాఫీ పెట్టు."

"మరి మీకో?"

"నేను తర్వాత తాగుతాను."

వంటింట్లో గిన్నె చప్పుడైంది. నేను పెరటి తలుపు తీసుకుని, ఇంటి పక్కనుంచి చుట్టూ తిరిగి వీధివైపు వచ్చి, చెప్పులు విడిచి ముందు గదిలోకి అడుగుపెట్టాను. కప్పూ సాసరు టీపాయ్ మీద పెడుతూ, "కూర్చోండి. మా ఆయన లోపలే ఉన్నారు" అంది.