పద్నాలుగు పరుగులు, మూడు వికెట్లు

ఒక మనిషి సగం దోసె తినేలోపు, నడుస్తున్న హోటల్ని రోడ్డుమీదికి ఎలా ఈడ్చవచ్చో తెలుసుకోవాలంటే నన్నే అడగాలి. దాదాపు ఈడ్చేశాను. అదీ వంటతో కాదు, నోటితో.

అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్లో, ప్రసాద్ గారి టిఫిన్ హోటల్లో నేను దోసెల మాస్టర్ని. ఆ భవనం వాల్టర్ అనే పెద్దాయనది. నెలాఖరుకి లీజ్ అయిపోతోంది. ఆ చోటు తమకిమ్మని పిజ్జావాళ్లు ఆయన చుట్టూ ఈగల్లా ముసురుతున్నారు. ఆయన వాళ్లకి సరే అన్నాడంటే ప్రసాద్ గారి పదేళ్ల కష్టమూ, నా పెనమూ వీధిన పడ్డట్టే. ఏదో ఒకటి తేల్చడానికి శనివారం మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు.

"సత్తిబాబూ, ఆయనకి బేస్‌బాల్ అంటే ప్రాణం. మనవడు ఇక్కడి ప్రొఫెషనల్ టీమ్‌లో ఆడతాడు. దోసె ఇచ్చేటప్పుడు నిన్నటి గేమ్ గురించి రెండు మంచి మాటలు చెప్పు. రెండే," అన్నారు ప్రసాద్ గారు.

శనాదివారాలు హోటల్లో సాయం చేసే ఆయన కూతురు శ్రేయ నన్ను అనుమానంగా చూసింది. "అంకుల్, మీకు బేస్‌బాల్ తెలుసా?"

"బ్యాటూ బంతీ ఉన్న ఆటేదైనా నాకు వదిలెయ్యమ్మా," అన్నాను. ఏడో తరగతిలో బడి వదిలేసింది ఊరికే అనుకున్నారా? కిళ్లీకొట్టు రేడియో దగ్గర క్రికెట్ స్కోర్లు వినడానికి.

వాల్టర్ వచ్చాడు, కూర్చున్నాడు, ఫోన్‌లో నిన్నటి గేమ్ పట్టిక తెరిచి బల్ల మీద పెట్టుకున్నాడు. దోసె వడ్డిస్తూ తొంగి చూశాను. వాళ్ల టీమ్ వరసలో చివరి మూడు అంకెలు: నాలుగు, పద్నాలుగు, మూడు. అవతలి వాళ్లవి: ఐదు, ఆరు, సున్న. పైన ఏవో అక్షరాలున్నాయి గానీ, స్కోరు చూడ్డానికి అక్షరాలెందుకండీ? చివరిది వికెట్లు, దాని ముందుది పరుగులు. ఆ మొదటిది బహుశా మిగిలిన ఓవర్లు. పద్నాలుగు ఎక్కడ, ఆరు ఎక్కడ.

నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసి అభినందించాను. ఆయన దోసె వైపే చూస్తున్నాడు. పొగడ్త చాల్లేదేమోనని ఆ మూడు మీద వేలు పెట్టి, అసలు గొప్పంతా ఇక్కడుందనీ, దానికి కారణమైన వాడికి దండ వేయాలనీ చెప్పాను.

"ఆ మూడూ మా మనవడివే," అన్నాడాయన మెల్లగా.

మూడు వికెట్లు ఒక్కడివెలా అవుతాయని చిన్న సందేహం వచ్చింది. పొగడ్తకి సందేహం అడ్డమా? "మూడూ ఒక్కడేనా? అయితే రోజూ ఇలాగే ఆడమనండి," అన్నాను.

వాల్టర్ ఫోర్కు కింద పెట్టాడు. శ్రేయ నన్ను చొక్కా పట్టి వంటింట్లోకి లాక్కెళ్లింది.

"అంకుల్, లాస్ట్‌ది వికెట్స్ కాదు, ఎర్రర్స్. ఆయన మనవడు త్రీ టైమ్స్ బాల్ డ్రాప్ చేశాడు. మిడిల్‌ది హిట్స్. ఫస్ట్‌దే స్కోర్. వాళ్లు ఓడిపోయారు."

"ఎవరి వల్లమ్మా?"

"మీరు దండ వేయాలన్నారు కదా, ఆ అబ్బాయి వల్లే."

గుమ్మంలో నిలబడి విన్న ప్రసాద్ గారి మొహం మాడిన అట్టులా అయింది. నన్ను తిట్టలేదు. ఆయన తిట్టలేదంటే వ్యవహారం ముదిరిందని అర్థం.

తిరిగి వెళ్లి వాల్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మా ఆటలో చివరి అంకె ఎంత చిన్నదైతే అంత గొప్పని, మీ వాళ్లు మూడు వికెట్లే పోగొట్టుకుని గెలిచారనుకున్నానని. ముందు ఆయన భుజాలు కదిలాయి. ఆ తర్వాత బల్ల కదిలింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని అన్నాడు: "నిన్నటి నుంచి వాడు గది దాటి రావడం లేదు. బాగా ఆడావన్న మనిషి భూమ్మీద ఒక్కడున్నాడని చెప్తే వస్తాడేమో."

వచ్చాడట. సోమవారం ఐదేళ్లకి కొత్త లీజ్ వచ్చింది. ప్రసాద్ గారు సంతకం పెట్టబోయి ఆగి, కాగితం నా వైపు తిప్పారు. అడుగున వాల్టర్ ఒక షరతు చేర్పించాడు: ఈ హోటల్ దోసెల మాస్టర్ బేస్‌బాల్ గురించి నోరు విప్పరాదు. దాని కింద నా సంతకానికి వేరే గీత.

కనుక పాఠకులారా, ఇంకెప్పుడూ ఏ గేమ్ స్కోరూ చదవనని, చదివినా ఎవరినీ అభినందించనని శపథం చేశాను. అందరి శపథాలూ దేవుడి దగ్గరుంటాయి. నాది లాయరు దగ్గరుంది.