ఒక్క గాటు అడిగితే నాలుగు గాట్లు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కలారా, నా పేరు మరియమ్మ, మేళ్లచెరువుల బట్టలు కుడ్త, నా పెనిమిటి యాకోబు సిమెంటు ఫ్యాక్టరీల పనిచేస్తడు. ఆరు నెలలు నేను పడ్డ బాధ పగోళ్లకు గూడ వద్దు! అన్నం తిన్నంక కుడి డొక్కల పట్టేది, వీపుదాంక గుంజేది, నేనేమో గ్యాసనుకుని వాము నమిలి, సోడా తాగి, మిషను మీదనే వంగి పడుకునేదాన్ని, ఆఖరికి మా ఆయన బలవంతంగ దవాఖానకు తోల్కపోతే పిత్తాశయంల రాళ్లున్నయన్నరు.

నాకు కోతంటే పాణం పోతది. మా అమ్మకు గదే ఆపరేషను పెద్ద కోతతోటి చేస్తే రెండు నెలలు మంచంలనే ఉండె. అందుకే బొడ్డుల ఒక్క గాటు పెట్టి తీస్తరని తెలిసి ఎగిరినంత పని చేసిన. కానీ డాక్టరమ్మ ఫర్హానా మేడం నా చెయ్యి పట్టుకుని ముందే చెప్పింది: "చూడమ్మా, కెమెరా, కత్తెర, సామాన్లన్నీ ఒక్క తొవ్వలనే పోతయి, ఒకదానికొకటి తగుల్తయి. లోపల మంచిగ కనవడకుంటే ఇంకిన్ని గాట్లు పెడ్త. సరేనా?"

తలూపిన గానీ మనసొప్పలే. "యేసయ్యా, ఒక్కటే గాటు, రెండోది వద్దు తండ్రీ" అని లోపలికి తీస్కపోయేదాంక గదే ప్రార్థన!

తెలివి వచ్చినంక పొట్ట తడుముకుంటే నాలుగు పట్టీలు! పక్క మంచం చెల్లెకు గదే ఆపరేషను ఒక్క గాటుతోనే అయిపోయి నడుసుకుంట ఇంటికి పోతాంది. "గింత చిన్నది అడిగితే ఇయ్యకపోతివా ప్రభువా" అని దేవుని మీద అలిగిన.

మేడం వచ్చి కూసున్నది. "పిత్తాశయం వాచి లివరుకు అతుక్కున్నదమ్మా. ఒక్క గాటుతోనే చేస్తనని మొండికేస్తే పక్కనున్న పసరు నాళం తెగి పాణం మీదికొచ్చేది. నాకు కనవడలే, అందుకే ఆగి ఇంకో మూడు పెట్టిన."

సహోదరులారా, గంత చదువుకున్న మనిషి "నాకు కనవడలే" అని ఒప్పుకున్నదంటే నా గుండె కరిగిపోయింది! నేను తోలు మీది గాట్లకు ఏడుస్తున్న, దేవుడేమో గా తల్లి చేతిని ఆపి నా పాణం కాసిండు!

మా ఆయనకు చెప్పుకుని ఏడిస్తే నవ్విండు. "నేను దేవుణ్ని గాట్ల సంగతే అడగలేదే పిచ్చిదానా, నిన్ను ఇంటికి పంపమన్న, గంతే."

బరువులెత్తొద్దన్నరని నెల దినాలు నీళ్లు ఆయనే మోసిండు, వంకరటింకర జడ గూడ ఏసిండు!

నొప్పిని దాసుకోకుండ్రి, తల్లులారా. దేవునికి చెప్పుండ్రి, డాక్టరుకూ చెప్పుండ్రి. ఎట్ల బాగుచెయ్యాల్నో దేవునికే విడిచిపెట్టుండ్రి, మనం అడిగిన తీరున గాకున్నా మనలను ఇడువడు. బతికించి మీ ముందు నిలబెట్టిన నా తండ్రికే మహిమ!