బూదిగుట్ట మీది రేడియో తిప్పేష్

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లన్నిట్లోనూ మెకానిక్ తిప్పేష్‌ను ఎరగనివాళ్ళు లేరు. కుట్టు తప్పుతున్నా, దారం తెగుతున్నా, మోటారు కాలిన వాసన వస్తున్నా ముందు ఆయనకే కబురు పోతుంది. మీసాలు రాని వయసులో ఆ పనిలోకి దిగినాడు, ఇప్పుడు యాభై దాటినాడు. ఆ ఏండ్లన్నీ రేకుల షెడ్లలో, వరసలు వరసలుగా తిరిగే పవర్ మిషన్ల మధ్య తల దూర్చి పనిచేసినాడు. మిషన్లు బాగుపడినాయి గానీ ఆయన చెవులు దెబ్బతినినాయి.

పూర్తిగా చెవుడు వచ్చి ఉంటే ఒక బాధ. ఆయనకు అట్ల కాలేదు. మనిషి గొంతు వినబడేది, ఏమన్నదీ తెలిసేది కాదు. సన్నని శబ్దాలన్నీ ఎటో పోయి, మాటలు గోడ అవతల నుంచి వచ్చినట్టు మొద్దుగా వచ్చేవి. అయినా ఎవరితోనూ చెప్పుకోలేదు. ఎదుటివాడు నవ్వితే నవ్వడం, తల ఊపితే తల ఊపడం అలవాటు చేసుకున్నాడు.

ఒకరోజు బస్టాండు కాడ పెద్దన్న ఎదురైనాడు. ఇద్దరిదీ చిన్ననాటి స్నేహం. పెద్దన్న వాళ్ళ నాయన ఆస్పత్రిలో ఉన్నాడని తిప్పేష్‌కు తెలుసు. "మీ నాయనకు ఎట్లుండాది?" అని అడిగినాడు. బస్సుల రొదలో పెద్దన్న ఏదో చెప్పినాడు. ఇంటికి పంపించినారన్నట్టు తోచి, తిప్పేష్ నవ్వుమొగంతో "మంచిదాయ పెద్దన్నా, సంతోషం" అన్నాడు. పెద్దన్న ఆయన మొగంలోకి అదోలా చూసి వెళ్ళిపోయినాడు. ముసలాయన తెల్లవారుజామునే చనిపోయినాడని సాయంత్రం భార్య ఉమాదేవి చెప్తే తెలిసింది. తిప్పేష్ వెంటనే పోయి పెద్దన్న చేతులు పట్టుకున్నాడు. పెద్దన్న మనసులో ఏమీ పెట్టుకోలేదు. తిప్పేష్ మాత్రం ఆ రోజు నుంచి పెండ్లిళ్ళకు పోవడం మానేసినాడు, టీ అంగడి కాడ నిలబడడం మానేసినాడు. ఫోన్ మోగితే ఉమాదేవి చేతికి ఇచ్చేవాడు.

ఉమాదేవి కూడా ఒక యూనిట్లో నడుముపట్టీలు కుట్టే పని చేస్తుంది. మాటలో మొగమాటం లేని మనిషి. "నీకు చెప్పీ చెప్పీ నా గొంతు పోతాండాది. డాక్టరు కాడికి పోదాం రాప్పా" అనేది.

"నాకేమైంది? బాగనే ఉండా" అనేవాడు ఆయన. డాక్టరన్న ఆ ఒక్క మాట మాత్రం ఆమె ఎన్నిసార్లన్నా ఆయనకు బాగానే వినబడేది.

ఇట్లుండగా అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం నుంచి ఒక పని వచ్చింది. నాగలక్ష్మమ్మ అనే పెద్దావిడ ఇంట్లో పాత కుట్టుమిషన్ మొండికేసింది. తిప్పేష్ పోయి వరండాలో కూర్చుని మిషన్ విప్పుతుంటే లోపలి గదిలో నుంచి ఏదో కూత వచ్చింది. పొట్టిగా, పొడుగ్గా, మళ్ళీ పొట్టిగా. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ అట్లే ఆగిపోయింది. ఆ కూత ఆయనకు తేటగా వినబడుతోంది. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, అన్నీ తెలుస్తున్నాయి. ఎన్నో ఏండ్లుగా ఏ శబ్దమూ ఆయనకు అంత శుభ్రంగా వినబడలేదు.

లేచి గది తలుపు కాడ నిలబడినాడు. లోపల నాగలక్ష్మమ్మ భర్త వెంకటేశులు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు తంతి ఆఫీసులో టెలిగ్రాములు పంపిన మనిషి. రిటైరైనాక, సొంతంగా రేడియో పెట్టుకుని దేశదేశాలవాళ్ళతో మాట్లాడే హ్యామ్ రేడియో లైసెన్సు తీసుకుని, అవే మోర్స్ చుక్కలూ గీతలూ, అంటే పొట్టి కూతలూ పొడుగు కూతలూ, ఇప్పుడు గాలిలోకి పంపుతున్నాడు.

"ఇది నాకు ఇనపడ్తాండాది సార్" అన్నాడు తిప్పేష్.

"ఇనపడక ఏమప్పా, అంత గట్టిగా పెట్టినా కదా" అన్నాడు వెంకటేశులు.

"అట్ల కాదు సార్. నాకు మాటలు ఇనపడవు. ఇది ఇనపడ్తాండాది."

భార్యకు కూడా ఒప్పుకోని సంగతి ముక్కూమొగం తెలియని మనిషి ముందు నోరు జారి బయటికి వచ్చేసింది. వెంకటేశులు హెడ్‌ఫోన్ తీసి ఆయన తలకు పెట్టినాడు. ఒక గుండీ తిప్పుతూ కూతను సన్నగా చేసినాడు, లావుగా చేసినాడు. లావు గొంతు కాడికి వచ్చేసరికి తిప్పేష్ చెయ్యెత్తి "ఈడ బాగుండాది సార్" అన్నాడు.

ఆ రోజు నుంచి వెంకటేశులు ఆయనకు గురువైనాడు. మోర్స్ అక్షరాలు రికార్డు చేసి ఫోన్‌కు పంపేవాడు. ఇంట్లో తిప్పేష్ అన్నం తింటూ పళ్ళెం మీద వేలితో కొట్టేవాడు, మంచం పట్టె మీద కొట్టేవాడు, స్టీలు లోటా మీద కొట్టేవాడు. "పిచ్చి పట్టిందా ఏమప్పా నీకు?" అని ఉమాదేవి లోటా లాక్కునేది. ఆయన హైదరాబాద్ పోయి పరీక్ష రాసినాడు. చాలా నెలలకు లైసెన్సు వచ్చింది, దాంతో పాటు ఆయనకంటూ ఒక కాల్‌సైన్ వచ్చింది. రేడియో లోకంలో అదే మనిషి పేరు. ఆ పేరును పళ్ళెం మీద ఎన్ని వేలసార్లు కొట్టినాడో ఆయనకే తెలియదు.

రేడియో కొని మిద్దె మీద తీగ కట్టి చూస్తే మాత్రం ఒకటే బుర్రుమనే మోత. చుట్టూ కుట్టు యూనిట్లు, వాటి మోటార్లు, వీధి నిండా ఎల్ఈడీ లైట్లు. వాటి రొదలో ఒక్క కూతా పైకి తేలలేదు. మనుషుల చెవులు చెడగొట్టిన మిషన్లు రేడియోనూ వదల్లేదని తిప్పేష్ దిగాలుపడి గురువుకు మెసేజ్ పెట్టినాడు.

వెంకటేశులు ఆయన్ను పిలిపించుకుని ఒక దోవ చెప్పినాడు. దేశదేశాల హ్యామ్‌లు రేడియో, బ్యాటరీ సంచిలో వేసుకుని పార్కులకూ, అడవులకూ పోతారు. అక్కడే తీగ కట్టి మాట్లాడతారు. ఒక పార్కు నుంచి ఒకే రోజున పదిమంది దొరికితే ఆ రోజు లెక్కకు వస్తుంది. అట్ల పోయేవాళ్ళకు రకరకాల ప్రశంసాపత్రాలు ఇస్తారు. ఎక్కువ పార్కులు తిరిగినవాళ్ళకు ఒకటి, ఎక్కువమందితో మాట్లాడినవాళ్ళకు ఇంకొకటి.

"మన పక్క పార్కులు యాడుండాయి సార్? నాకు తెలిసింది బూదిగుట్ట ఒకటే" అన్నాడు తిప్పేష్.

"ఒకటే ఉంటే దానికే పో. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ పోయేవాళ్ళకు కూడా ఒక బహుమతి ఉండాది. ఇరవైసార్లు పోవాల."

బూదిగుట్ట బెళుగుప్ప అవతల ఉంటుంది. కృష్ణజింకల కోసం అటవీశాఖ వాళ్ళు కంచె వేసి కాపాడుతున్న చోటు. తుమ్మచెట్లు, బండరాళ్ళు, ఎండిన గడ్డి, దూరంగా గాలిమరలు. చూడను పోయేవాళ్ళు తక్కువ. తిప్పేష్ తీరిక దొరికిన ఆదివారాల్లో టీవీఎస్ బండి మీద తెల్లారే బయలుదేరేవాడు. చేపలు పట్టే గాలం కర్రకు తీగ కట్టి నిలబెట్టి, వేపచెట్టు నీడలో గోనెపట్టా పరుచుకునేవాడు.

మొదటిసారి పోయినప్పుడు అక్కడి వాచర్ రామప్ప కర్ర పట్టుకుని పరుగున వచ్చినాడు. "ఏమప్పా, ఏం పెట్టినావు ఈడ? జింకలకు కరెంటు పెడ్తాండావా?" తిప్పేష్‌కు సగం మాట అందలేదు. లైసెన్సు కాగితం తీసి చూపించినాడు. రామప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి, నమ్మకం కుదరక, ఆఫీసరుకు ఫోన్ చేసినాడు. ఆఫీసరు సరేనన్నాక గానీ కర్ర దించలేదు. ఆ తర్వాత ఏమీ తోచక పక్కనే కూర్చున్నాడు. నాలుగైదు వారాలకు ఇద్దరూ వేరుశెనగ బుడ్డలు వలుచుకు తినే స్నేహితులైనారు.

ఆ గుట్ట మీద మోత లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే కూతలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. కేరళ నుంచి ఒకాయన, థాయ్‌లాండ్ నుంచి ఒకాయన, ఒమన్‌లో ఎవరో. నువ్వు బాగా వినబడుతున్నావు అని వాళ్ళు పంపేవాళ్ళు, మీరూ బాగా వినబడుతున్నారు అని ఈయన పంపేవాడు. అందులో అబద్ధం లేదు. మళ్ళీ చెప్పమని అడగడానికి అక్కడ సిగ్గుపడాల్సిన పని లేదు, రెండు చుక్కలు రెండు గీతలు రెండు చుక్కలు కొడితే ఎంత పెద్దవాడైనా మళ్ళీ చెప్తాడు. ఉరుము, మెరుపు అడ్డొచ్చినప్పుడు మంచి చెవులున్నవాళ్ళూ అదే అడుగుతారు. తిప్పేష్ ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద తనలో తానే పాడుకుంటూ వచ్చేవాడు.

ఎండాకాలం వచ్చేసరికి బహుమతికి ఇంక ఒక్కసారి పోతే చాలు అన్నంత కాడికి వచ్చింది. ఆ ఆదివారం ఉమాదేవి చీర కొంగు దోపుకుని బండి పక్కన నిలబడింది. "నేనూ వస్తా. ఆ గుట్టలో ఏముండాదో నేనూ చూస్తా."

డబ్బాలో బొరుగుల ఉగ్గాని కట్టుకుని ఇద్దరూ పోయినారు. పొద్దున బాగానే సాగింది. ఎండ ముదిరేసరికి తొమ్మిదిమంది దొరికినారు. ఆ తర్వాత ఎంత పిలిచినా ఎవరూ పలకలేదు. కొన్ని రోజులు గాలి అట్లే ఉంటుంది. తిప్పేష్ ఉసూరుమని హెడ్‌ఫోన్ తీసేసినాడు.

అంతలో రామప్ప వచ్చినాడు. జింకల నీళ్ళ తొట్టికి సోలార్ మోటారు ఉంది, రెండు రోజులుగా తిరగడం లేదు. "జింకలు వచ్చి నాకి నాకి పోతాండాయి తిప్పేషన్నా. ఒకసారి చూడు" అన్నాడు దగ్గరికి వచ్చి గట్టిగా. తిప్పేష్ ఇంక ఆలోచించలేదు. పదో మనిషి మళ్ళీ ఎప్పుడైనా దొరుకుతాడు, నీళ్ళు ఆగితే ఎట్ల? రేడియోను స్పీకర్ మీద పెట్టి, పనిముట్ల సంచి తీసుకుని తొట్టి కాడికి పోయినాడు.

ఉమాదేవి నీడలో ఒక్కతే కూర్చుంది. రేడియో ఉస్సుమంటూనే ఉంది. కునుకు పట్టబోతుండగా అందులో ఒక కూత వచ్చింది. చాలా మెల్లగా, తడబడుతూ. ఆమె పట్టించుకోలేదు. మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె లేచి కూర్చుంది. ఇది తనకు తెలుసు. పళ్ళెం మీద, మంచం పట్టె మీద, లోటా మీద, రెండేండ్లుగా తను తిట్టుకుంటూ విన్నది ఇదే. ఇది ఆయన పేరు.

"ఏమప్పా! నిన్ను పిలుస్తాండారు!" అని కేకేసింది. తొట్టి కాడ తిప్పేష్ అటు తిరిగి ఉన్నాడు, వినబడలేదు. మోటారు పట్టుకున్న రామప్ప తల ఎగరేసి ఏమిటన్నట్టు చూసినాడు. ఆమె చెప్పులు వదిలేసి, ముండ్లు గుచ్చుకుంటున్నా ఆగకుండా పరుగెత్తిపోయి భర్త చొక్కా పట్టి లాగింది. "పిలుస్తాండారు నిన్ను! నీ పేరు! బిరీన రా!"

తిప్పేష్ గ్రీజు చేతులతోనే ఉరికినాడు. అవతలి మనిషి ఇంకా వదిలిపెట్టలేదు, పిలుపు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. కొత్త చెయ్యి అని వినగానే తెలిసింది. తిప్పేష్ తన వేగం తగ్గించుకుని, ఒక్కో అక్షరం విడివిడిగా కొడుతూ బదులిచ్చినాడు. అవతల తప్పులు పడుతున్నాయి, దిద్దుకుంటున్నాయి. ఆయన ఓపిగ్గా ఆగినాడు. ఉమాదేవి ఆయన పెదవుల వంకే చూస్తూ ఉంది.

"ఏ... ఎన్... జే... ఏ..." అని కూడబలుక్కున్నాడు. "అంజలి అంట. బిలాస్‌పూర్ అంట. మొదటిసారి గాలిలోకి వచ్చిందంట, నేనే మొదట దొరికినానంట. మనకు పదో మనిషి."

"ఆడమనిషా?"

"ఊఁ. ఆడమనిషే."

ఉమాదేవి కూర్చుని కాలిలోని ముల్లు తీసుకుంది. తిప్పేష్ మళ్ళీ తొట్టి కాడికి పోయి, తుప్పు పట్టిన తీగ కొస గీకి బిగించినాడు. మోటారు దగ్గి దగ్గి నీళ్ళు పోసింది. రామప్ప మొగం విప్పారింది.

బండెక్కే ముందు ఉమాదేవి ఒక్క మాట అన్నది. "ఈ పొద్దు నేనుండా గాబట్టి పిలుపు ఇనపడె. నీ చెవుల సంగతి ఇప్పుడన్నా చెప్పు."

తిప్పేష్ గోనెపట్టా మడుస్తూ, "మాటలు తెలియడం ల్యా ఉమా. శానా ఏండ్లాయ" అన్నాడు. ఆమె తిట్టలేదు. మరుసటి వారమే అనంతపురం తీసుకుపోయి చెవుల డాక్టరుకు చూపించింది. పోయింది తిరిగి రాదని చెప్పి, డాక్టరు చెవి వెనక పెట్టుకునే మిషన్ రాసిచ్చినాడు. అది పెట్టుకున్న మొదటి రోజు తిప్పేష్ కాగితం నలిపే చప్పుడుకు కూడా ఉలిక్కిపడినాడు. రెండు నెలలకు అలవాటైంది. మాటలన్నీ కాకపోయినా, ఎదురుగా కూర్చుంటే చాలావరకు తెలుస్తున్నాయి. పెద్దన్న కూతురి పెండ్లికి పోయి, భోజనాల కాడ రెండు గంటలు కబుర్లు చెప్పి వచ్చినాడు.

ప్రశంసాపత్రం ఫోన్‌లోకి వచ్చింది. ఉమాదేవే అంగడికి పోయి రంగుల్లో తీయించి, ఫ్రేము కట్టించుకొచ్చింది. గోడకు మేకు కొట్టేటప్పుడు, "ఇది దేనికి ఇచ్చినారు?" అని అడిగింది.

"ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ పోయినందుకు."

"అయితే నేను పెండ్లైనప్పటి నుంచి అదే పొయ్యి కాడికి పోతాండా కదా. నాకెప్పుడిస్తారంట?" అని అడిగి ఆమే పకపకా నవ్వింది. తిప్పేష్‌కు ప్రతి మాటా వినబడింది, ఆయనా నవ్వినాడు. ఆ రాత్రి సంగటి ఆయనే కెలికినాడు. గడ్డలు కట్టింది, అయినా ఇద్దరూ తినినారు.

వానలు మొదలైనాక మళ్ళీ బూదిగుట్టకు పోయినారు. గడ్డి పచ్చబడింది. జింకలు తొట్టి వైపు రావడం మానేసి గుట్ట వెనక మేస్తున్నాయి. రామప్ప కర్ర ఊపుకుంటూ వచ్చినాడు.

"బహుమతి వచ్చె కదన్నా. ఇంకా ఎందుకొచ్చినావు?"

"ఈడ బాగుండాదప్పా" అన్నాడు తిప్పేష్, తీగ పైకి ఎత్తుతూ. వేపచెట్టు కింద ఉమాదేవి అప్పటికే గోనెపట్టా పరిచి, హెడ్‌ఫోన్ తలకు పెట్టుకుని, ఏదో ఒక అక్షరం పోల్చుకోవాలని కండ్లు మూసుకుని వింటోంది.