జానమ్మ కొలిచిన కరెంటు

మర్రిగూడ పత్తిచేలలో కూలికి పోయే దంపతుల బిడ్డ జానమ్మ. ఐటీఐలో తన బ్యాచులో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్న ఆడపిల్ల ఆమె ఒక్కతే. అయినా ఎవరూ కరెంటు పనికి పిలవలేదు. చివరికి నల్గొండలో ఒక నీటి పరీక్షల ల్యాబులో అటెండరుగా చేరి, సీసాలు కడుగుతూ ఉండేది.

2019 ఎండాకాలం. కరెంటు పోతే నాలుగు గంటలు నడవాల్సిన ఇన్వర్టరు రెండు గంటలకే ఆగిపోయేది. నీళ్లలో క్రిములున్నాయో లేదో తేల్చే జర్మనీ ఇంక్యుబేటరు రోజంతా ఒకే వెచ్చదనంలో ఉండాలి. అది చల్లారితే పరీక్ష మళ్లీ మొదటికే.

"గీ జర్మనీ డబ్బానే కరెంటంత తాగుతాంది. తీసేద్దాం," అన్నాడు ల్యాబు అధికారి దివాకర్.

"తీస్తే క్రిముల పరీక్షే బందయితది సార్. ముందుగాల కొలిచి చూద్దాం," అన్నది జానమ్మ.

ఏ మిషన్ ఎంత కరెంటు వాడుతుందో చూపే చిన్న మీటరు ల్యాబులో ఉంది. కానీ అందులో మన మూడు పిన్నుల ప్లగ్గే పడుతుంది. ఇంక్యుబేటరుకేమో లావుపాటి రెండు గుండ్రటి పిన్నులు, ఇంగ్లండు నుంచి వచ్చిన ఇంకో మిషన్‌కు బల్లపరుపు పిన్నులు. టెక్నీషియన్ వెంకటేశ్ వైరు కొసలు చెక్కి మీటరు రంధ్రాల్లో అగ్గిపుల్లలతో బిగించబోయాడు.

"వద్దన్నా! ఎర్త్ లేకుంట పెడితే పానం మీదికొస్తది," అని జానమ్మ చేయి అడ్డం పెట్టింది.

ఆమె గడియారం సెంటర్‌లో వెతికి వెతికి రెండు రకాల సాకెట్లూ పట్టుకొచ్చింది. చెక్క మీద బిగించి, ఎర్త్ కలిపి, వైరు అవతలి కొసకు మన ప్లగ్గు పెట్టింది. రోజుకొక మిషన్ చొప్పున మీటరుకు తగిలించి కాగితం మీద రాసింది.

ఇంక్యుబేటరు రోజుకు ఒక యూనిట్ దాటలేదు. ఎవరూ అనుమానించని మన దేశపు ఫ్రిజ్ ఐదు యూనిట్లు మింగింది! తలుపు రబ్బరు చిరిగి, చల్లదనం బయటికి పోతూ, అది క్షణం ఆగకుండా నడుస్తూ ఇన్వర్టరును ఖాళీ చేస్తోంది.

కాగితం చూసి దివాకర్ తల పట్టుకున్నాడు. "అయ్యో, ఉత్తగనే జర్మనీ దాన్ని బద్నాం చేసిన గదా!"

రబ్బరు మార్చారు. వారం తిరగకముందే గాలిదుమారానికి తీగలు తెగి, పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నం దాకా రాలేదు. అందరూ ఇంక్యుబేటరు చుట్టూ మూగారు. నాలుగో గంట నిండినా ముప్పైఏడు డిగ్రీల అంకె కదల్లేదు. వెంకటేశ్ ఈల వేశాడు. జానమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

దివాకర్ పైకి పంపిన నివేదికలో "కొలిచినది: జానమ్మ, ఎలక్ట్రీషియన్" అని రాయించాడు. భువనగిరి ల్యాబువాళ్లు అది చదివి, తమ మిషన్లు కూడా కొలవడానికి ఆమెను రమ్మన్నారు. చెక్క బోర్డు సంచిలో పెట్టుకొని, బస్సులో కిటికీ పక్క సీటు చూసుకొని కూర్చుంది.