పొగగది లెక్క

ఒరుగుల ఇల్లెక్కడని అడిగితే ఆ వీధిలో చిన్నాపెద్దా అందరూ వేలు పెట్టి చూపిస్తారు. మేడ మీద చెక్క చట్రాలు, ఈగలు వాలకుండా పైన వలలు, వలల కింద ఆపిల్ ముక్కలు, బేరి ముక్కలు, నిలువునా చీల్చిన అంజీర పళ్ళు. ఆ ఇంట్లోంచి కేకలు కూడా వినిపించేవి. అప్పుడు మాత్రం ఎవరి వేలూ లేచేది కాదు. తినడానికి తీపి ముక్కలు కావాలి గానీ, చేసే మనిషి ఒంటి మీద దెబ్బలు ఎవడిక్కావాలి?

చేసే మనిషి ఆ ఇంటి కోడలు. కాపరానికొచ్చి పన్నెండేళ్ళు. ఎడమ కంటి కింద మచ్చ మొగుడిచ్చాడు, పై పలువరసలో ఖాళీ కూడా మొగుడే ఇచ్చాడు. చేతిలో పని మాత్రం అత్తగారిచ్చింది.

మొగుడు గేట్లు, కిటికీ చువ్వలు అతికే వెల్డరు. ఇనుమంటే అతనికి ఎంత ఓపికో, మనుషులంటే అంత చిరాకు. కూరలో ఉప్పు ఎక్కువైతే చెయ్యి లేచేది, తక్కువైతే కాలు. అతను కొడుతున్నంతసేపూ అత్తగారు పక్కనే కూర్చుని ముక్కలు తిరగేస్తూ ఉండేది. తలెత్తదు, నోరు మెదపదు. కొట్టే కొడుకు మీద కన్నా ఆ తిరగేసే చేతుల మీదే కోడలికి ఎక్కువ కసి.

పనిలో మాత్రం ముసలామెకి వంక పెట్టడానికి లేదు. "చొక్కా గుండీ మందం కోయి. ఇంకాస్త మందమైతే లోపల పచ్చిగా ఉండిపోతుంది," అనేది. కోసిన ముక్కల్ని నిమ్మరసం కలిపిన నీళ్ళలో ముంచి తీసి పొగగదిలో పెట్టాలి. అది మేడ మీద ఓ మూల, కిటికీ లేని ఇరుకు గది. గోడలకి అరలు, కింద మూకుడులో నిప్పులు, నిప్పుల మీద గుప్పెడు గంధకం. ఆ పొగ పట్టిన ముక్క నల్లబడదు, పురుగు పట్టదు. తలుపుకి గడియ బయటే. పాతది తుప్పు పడితే వెల్డరే లావుపాటిది చేసి నాలుగు బోల్టులతో బిగించాడు. ఆ మేడకి అతను చేసిన ఉపకారం అదొక్కటే.

కోడలొచ్చిన తొలి వారంలోనే అత్తగారు హెచ్చరించింది.

"మూకుడు రగులుతుండగా లోపలికెళ్ళాల్సొస్తే ముక్కుకి తడిగుడ్డ కట్టుకో. లెక్కపెట్టుకుంటూ వెళ్ళు. వంద లోపు బయటపడాలి. నూట యాభైకి కళ్ళు కనపడవు. రెండొందలకి మనిషే ఉండదు."

"అంత కచ్చితంగా ఎలా తెలుసత్తయ్యా?"

"ఇన్నేళ్ళొచ్చాయి, ఆ మాత్రం తెలీదూ?" అని ముసలామె ఓ ముక్క వంచి చూసి మళ్ళీ ఎండలో పడేసింది.

ఎండినవాటిని గాజు సీసాల్లో పోశాక కూడా పని తీరదు. వారం పాటు రోజూ సీసాలు ఊపి చూడాలి. ఒక్క ముక్క పచ్చిగా ఉన్నా గాజుకి లోపల చెమ్మ పడుతుంది. వెంటనే అంతా కుమ్మరించి మళ్ళీ ఎండబెట్టాలి. సరిగ్గా అలాంటి వారంలోనే వెల్డరు కోడలి కుడి మణికట్టు విరిచాడు. కారణం చెప్పుకోవడానికే సిగ్గుచేటు. తువ్వాలు తడిగా ఉందట! చెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. ఎముక విరిగిన చప్పుడు కింద మెట్ల దాకా వినిపించింది. కట్టు కట్టిన చేత్తో ఆవిడ సీసాలు ఎత్తలేకపోయింది, ముసలామెకి భుజాలు లేవవు. సీసాలు అలాగే ఉండిపోయాయి.

పదో రోజున వెల్డరు అందులో ఒకటి పనిచోటికి పట్టుకెళ్ళాడు, తనే చేసినంత గొప్పగా. మూత తీసినవాడు ముక్కు మూసుకున్నాడు.

"మీ ఆవిడ బూజు బాగా పండించిందిరా!"

షాపు షాపంతా పగలబడి నవ్వింది.

మిట్టమధ్యాహ్నం మేడ మెట్ల మీద అతని అడుగుల చప్పుడు కోడలికి వినిపించింది. ముందు సీసా వచ్చి గోడకి తగిలి పగిలింది. తర్వాత అతను వచ్చి జుట్టు దొరకబుచ్చుకుని ఆవిడ తలని అదే గోడకేసి కొట్టాడు.

"నలుగురిలో నా పరువు తీస్తావా?"

"చెయ్యి విరగ్గొట్టింది మీరే కదా! సీసాలు ఎవరు ఊపుతారు?"

పన్నెండేళ్ళలో ఆవిడ ఎదురు చెప్పడం అదే మొదలు. అతను ఆవిడని కింద పడేసి, కట్టు కట్టిన చేతినే బూటుకాలితో తొక్కాడు. కట్టు ఎర్రబడింది. ఈడ్చుకెళ్ళి, మూకుడు రగులుతున్న పొగగదిలోకి తోసి గడియ వేశాడు.

"చావు అందులో! అమ్మా, తలుపు ముట్టుకున్నావంటే నీకూ ఇదే గతి," అని మంచినీళ్ళ కోసం కిందికి దిగాడు.

ఒకటి. రెండు. మూడు. తడిగుడ్డ లేదు. నెత్తుటితో తడిసిన కట్టునే ఆవిడ ముక్కుకి అదుముకుంది. నలభైకి కళ్ళు మండిపోయాయి. అరవైకి గొంతు పూడుకుపోయింది. ఎనభై రెండు దగ్గర గడియ కదిలింది. రెండు ముసలి చేతులు ఆవిడని చంకల కింద పట్టి బయటికి లాగాయి.

పైకొచ్చిన వెల్డరు అది చూసి తల్లి చెంప పగలగొట్టాడు. ముసలామె వెళ్ళి చట్రాల మీద పడింది. "అసలు ఈ గదే లేకుండా చేస్తా!" అంటూ అతను లోపలికి దూరి అరలు తన్నడం మొదలుపెట్టాడు. ఆ కోపంలో అతనికి పొగ కూడా లెక్కలేదు.

ముసలామె లేచింది. చిట్లిన పెదవి తుడుచుకోలేదు. నాలుగడుగులు వేసి, తలుపు మూసి, గడియ పెట్టింది.

"ఒకటి," అంది. "రెండు."

ముప్పై దాకా బూతులు వినిపించాయి. తొంభై దగ్గర "అమ్మా! అమ్మా!" అన్నాడు. తలుపు అదిరిపోతోంది గానీ అతను చేసిన గడియే కదా, చెక్కు చెదరలేదు. కింద పడి దగ్గుతున్న కోడలు సంతోషించింది. దాచడమెందుకు, కడుపారా సంతోషించింది. నూట నలభైకి గుద్దులు నీరసించాయి. అప్పుడు కోడలు తలెత్తి అత్తగారి మొహం చూసింది. ముక్కలు తిరగేసేటప్పుడు ఉండే మొహమే అది. కోడలికి మొగుడంటే ఎన్నడూ వెయ్యనంత భయం వేసింది.

"చాలు, తియ్యండత్తయ్యా!"

"నూట యాభై మూడు."

"చచ్చిపోతాడు!"

"ఇంకా ఉందిలే. నూట యాభై నాలుగు."

కోడలు లేచి ముసలామెని భుజంతో గుద్దింది. అయినా గడియ మీది చెయ్యి వదలలేదు. ఆ చేతిని నెత్తురొచ్చేలా కొరికి, ఎడమచేత్తో గడియ లాగింది. వెల్డరు మోకాళ్ళ మీద బయటికి పడ్డాడు. నోట్లోంచి నురగ కారుతోంది, కళ్ళు మూసుకుపోయాయి. ఆవిడ అతని డొక్కలో ఒక్క తన్ను తన్నింది.

"విను. తలుపు మూసింది మీ అమ్మ. తీసింది నేను. ఇంకోసారి నా మీద చెయ్యి పడిందా, నేనూ తియ్యను."

వారానికి అతనికి చూపు తిరిగొచ్చింది గానీ గొంతు రాలేదు. మకాం షాపుకి మార్చేశాడు. ఆ మేడ మెట్లు మళ్ళీ ఎక్కలేదు.

గొడవ జరిగిన రోజు సాయంత్రమే అత్తాకోడళ్ళిద్దరూ గాజుపెంకులు ఏరుతున్నారు. మామగారు ఆయాసంతో పోయారని కోడలు పెళ్ళినాటి నుంచీ వింటోంది. ఉన్నట్టుండి అడిగింది.

"రెండొందలని మీకెలా తెలుసత్తయ్యా?"

ముసలామె ఏరడం ఆపలేదు.

"వీడి నాన్నకి నూట ఎనభైకే చప్పుడు ఆగింది. నమ్మకం చాలక ఇంకో ఇరవై లెక్కపెట్టాను."

కోడలు లేచి వెళ్ళి పానా తెచ్చింది. ఎడమచేత్తోనే తంటాలు పడి నాలుగు బోల్టులూ విప్పి, గడియని మేడ మీంచి కిందికి విసిరేసింది. అప్పట్నుంచి ఆ తలుపుకి ఇటుకే అడ్డం పెడుతున్నారు.