సిలికాన్ పళ్లచక్రాలకు చుక్క నూనె

పెళ్లయి, పాప పుట్టాక పీహెచ్‌డీలో చేరతానంటే మా ఇంట్లో ముందుగా సరేనన్నది మా అత్తయ్య. ఆవిడ బడికి వెళ్లలేదు. కూలీలతో సమానంగా వంగి మిరపకాయలు కోసే మనిషి. "పిల్లని నేను చూసుకుంటాలే, నువ్వెళ్లమ్మాయ్" అంది. అలా రెండు వేల దశకం మధ్యలో, మా ఊరి నుంచి రోజూ బస్సెక్కి గుంటూరు వైపు, యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్‌కి వెళ్లేదాన్ని.

నా పని నూనెల మీద. కంప్యూటర్ చిప్పులు చేసే సిలికాన్‌తోనే కంటికి ఆనని యంత్రాలు కూడా చేస్తారు. వాటిలోని పళ్లచక్రాలు వెంట్రుక కన్నా పల్చన. కాసేపు తిరిగేసరికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, లేదంటే అరిగిపోతాయి. మామూలు నూనె వాటి మీద నిలవదు. ఆ నూనెలో కొద్దిగా అయానిక్ లిక్విడ్ కలిపి చూద్దామన్నారు మా గైడ్ మేడమ్. అంటే నీళ్లు కలపకుండానే, మామూలు గది వేడికే ద్రవంగా ఉండే ఒక రకం ఉప్పు.

నీళ్లు లేకుండా ఉప్పు ద్రవంగా ఉండడమేంటో అత్తయ్యకి అస్సలు మింగుడుపడలేదు. ఒకరోజు మిర్చి యార్డులో సరుకు దింపించి, నేరుగా ల్యాబ్‌కే వచ్చేసింది. ఆవిడ చీరకున్న ఘాటుకి అందరం తుమ్ములే తుమ్ములు. మేడమ్ తుమ్ముతూనే లేచి కుర్చీ వేశారు. ఈ చక్రాలు తయారుచేసే బెంగళూరు ల్యాబ్ వాళ్లు పంపిన పాడైన చక్రాన్ని మైక్రోస్కోపులో చూపించాను.

"అయ్యో, పళ్లన్నీ ఊడిపోయాయే! దీన్ని బాగుచేస్తావా?"

"ఇది ఇక బాగవదు అత్తయ్యా. రేపు చేసేవి ఇలా కాకుండా చూడాలి."

"అయితే చూడు మరి" అని బల్ల మీదున్న ఆ ద్రవం సీసాని ఒకసారి వెలుగులో పెట్టి చూసి, ఊరి బస్సుకి టైమవుతోందంటూ వెళ్లిపోయింది.

సిలికాన్ ముక్క మీద చిన్న గోలీని రుద్దుతూ, రాపిడి ఎంతుందో కంప్యూటర్‌లో గీతగా చూసేవాళ్లం. మా ద్రవం కలిపిన నూనెతో ఎండాకాలమంతా గీత చక్కగా కిందికి దిగింది. వానలు మొదలయ్యాక మాత్రం పైకి ఎగబాకింది. ముక్కల మీద చిన్న చిన్న గుంటలు. ఎన్నిసార్లు చేసినా అంతే.

"ఇంకో టాపిక్ ఆలోచిద్దామమ్మా" అన్నారు మేడమ్, నా మొహం చూడకుండా.

ఆ సాయంత్రం బస్సు కిటికీ మూసినా జల్లు లోపలికి కొడుతూనే ఉంది. పక్కనావిడ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను. ఒడిలో బ్యాగు చెమ్మగిల్లిపోయింది. అప్పుడు తట్టింది: సీసా అదే, ముక్కలూ అవే. మారింది గాలిలో తడి ఒక్కటే.

మర్నాడు ఆ ద్రవాన్ని రెండు భాగాలు చేశాను. ఒక భాగంలోని తడిని వాక్యూమ్‌లో వేడిచేసి లాగేసి, తేమలేని పెట్టెలో పరీక్షించాను. రెండోదాన్ని ఆరుబయట వదిలేశాను. మొదటిది రుద్దిన ముక్క నున్నగా ఉంది. రెండోదాని మీద గుంటలు.

"మేడమ్, మన ద్రవంలో ఫ్లోరిన్ ఉంది కదండీ. తడి తగిలితే అది విడిపోయి ఆమ్లమవుతోంది. ఆ ఆమ్లమే సిలికాన్‌ని తినేస్తోంది."

మేడమ్ రెండు ముక్కల్నీ చాలాసేపు మార్చి మార్చి చూశారు. "అయితే ఫ్లోరిన్ లేనిది చేద్దాం. ఎప్పుడు మొదలుపెడతావు?"

"ఇప్పుడేనండీ."

ఫాస్ఫరస్ ఉన్న కొత్త ద్రవం తేనెలా చిక్కగా తయారైంది. పాతది ఎంత కలిపినా కాసేపటికి నూనె అడుక్కి దిగేది. ఇది ఇట్టే కలిసిపోయింది. ముసురు పట్టిన రోజు చూసుకుని, కిటికీలన్నీ తెరిచిపెట్టి మరీ పరీక్ష చేశాం. గీత దిగింది. దిగి, అక్కడే నిలబడింది. ముక్కని తుడిచి చూస్తే అద్దంలా ఉంది, పైనున్న ట్యూబ్‌లైటు అందులో కనిపించింది. మేడమ్ నా భుజం మీద చెయ్యి వేశారు.

మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో బెంగళూరు నుంచి ఫోనొచ్చింది. మేం పంపిన నూనె వేసిన చక్రాలు మామూలుగా ఆగిపోయే సమయం ఎప్పుడో దాటిపోయాయట. నేను కల్లం దగ్గరికి వెళ్లి చెప్పాను.

"ఇంకా ఆగలేదంటా?"

"లేదత్తయ్యా, తిరుగుతూనే ఉన్నాయంట."

అత్తయ్య కూలీల వైపు తిరిగి, "ఏమే, విన్నారా! మా కోడలు గెలిచింది!" అని కల్లమంతా వినబడేలా అరిచింది. ఏం గెలిచానో వాళ్లకి తెలీదు, అయినా అందరూ నవ్వారు. మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరాను. ఆ నూనె ఎంత వేడిని తట్టుకుంటుందో ఇంకా చూడాలి.